జక్రయ్య చూపించిన నాలుగెకరాలు

బేతేలుపేటలో మేకలు మనుషుల్ని మేస్తాయి. ఈ మాట చెవిన పడ్డ ఓ పశువుల డాక్టరు జీపు వెనక్కి తిప్పి, సత్తెనపల్లి దాకా బ్రేకు మీద కాలు పెట్టలేదని చెబుతారు. డాక్టరు సంగతిలో కాస్త కలిపి చెప్పింది ఉంటే ఉండొచ్చు. "మా చినతాతను మీ మేకలు నడుం దాకా మేసినయ్, వచ్చి చూసుకో" అని రాజమ్మ పొరుగింటి మీద పడి అరవడం మాత్రం పేటంతా విన్నదే.

సంగతేమిటంటే, ఏనుగుకొండ పాదం దగ్గర అరవై గడపల పేట అది. ముందు వైపు మిరప, పత్తి చేలు, వెనక వైపు కొండ. పూర్వం పేటలో ఎవరు చనిపోయినా సమాధి మీద రాయి నిలబెట్టే స్తోమత ఎవరికీ ఉండేది కాదు. కర్ర సిలువ పాతితే ఏడాది తిరక్కుండా చెదలు తినేసేవి. చెదపురుగుకు భక్తి లేదని గ్రహించిన ఓ పెద్దాయన తన తల్లి తలవైపు కానుగ మొక్క నాటాడు. కానుగను చెద ముట్టదు, మేక కూడా ఆకలి మీదుంటే తప్ప మూతి పెట్టదు. ఆ తరవాత పోయినవాళ్ళందరికీ అదే రివాజైంది. చెట్టుకు పోయిన మనిషి పేరే పిలుపు. "రత్నమ్మత్త ఈ ఏడు విరగబూసింది" అంటారు. "గాలివానకు సామేలు మావయ్య కొమ్మ విరిగి రూతమ్మ మీద పడింది, బతికుండగా కూడా అంతే" అంటారు. మూడు తరాల చావులు కలిసి రెండు వందల పైచిలుకు చెట్లై, నాలుగెకరాల్లో ఆకాశం కనపడకుండా అల్లుకుపోయాయి. పాస్టరుగారు దాన్ని సమాధుల తోట అంటారు గాని, కొత్తవాడు చూస్తే రాయి లేదు, సిలువ లేదు, అడవి తప్ప ఏమీ కనపడదు.

జక్రయ్యకు ఆ చెట్లన్నీ పేరుపేరునా తెలుసు. అరవై ఒక్కేళ్ళ మనిషి. వారంలో ఆరు రోజులు మిరప చేలో కూలి, ఏడో రోజు సండే స్కూల్లో పిల్లలకు పాఠం. తూర్పు వరస చివర చెట్టు ఆయన కూతురు స్తుతి. తొమ్మిదేళ్ళప్పుడు జ్వరంతో పోయి ఇరవై ఏడేళ్ళయింది. ఇప్పుడు జక్రయ్య రెండు చేతులూ చాచినా అందనంత మాను. ఆ చెట్టు పక్కన ఒక మనిషి పట్టేంత నేల ఖాళీగా ఉండేది. అది దానంతటదే మిగిలింది కాదు. పేటలో ఎవరి శవం లేచినా, జక్రయ్య భార్య జయకుమారి అందరికంటే ముందు పోయి ఆ ఖాళీలో నిలబడేది. "ఇది నాది, పక్కకి తవ్వుకోండి" అనేది. బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేసినంత ధీమాగా ఇరవై ఏడేళ్ళు ఆ చోటు కాచుకుంది.

ఏనుగుకొండ చుట్టూ ఐదూళ్ళున్నాయి. ఐదూళ్ళకూ అడవిని కాపాడే సమితులున్నాయి, బోర్డుల మీద. కొండ మాత్రం ఏటా ఎండాకాలం తగలబడేది. దానికి కారణం సోమరితనం కాదు, మిరపకాయ. కొండ మీద గడ్డి ఎండి నిప్పుకు సిద్ధమయ్యే ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లోనే కింద కాయ కోతలు. కాయ కోస్తే సాయంత్రానికి కూలి చేతిలో పడుతుంది. కొండెక్కి పొగ చూస్తూ కూర్చుంటే దగ్గు తప్ప ఏమీ రాదు. ఒక ఏడాది మంటకు కొండ మీది కుందేళ్ళు బేతేలుపేట చర్చిలోకి వచ్చి బెంచీల కింద దాక్కున్నాయనీ, కానుక పట్టే సమయానికి మాత్రం మనుషుల్లాగే జారుకున్నాయనీ ఓ కథ ఉంది. కథ పక్కన పెడితే, అలా కాలిన ప్రతి ఏడాదీ ఊళ్ళలో బావులు మరికాస్త లోతుకు పోయాయి.

మూడేళ్ళ కిందట ఒక ట్రస్టు తరఫున హారిక అనే అమ్మాయి స్కూటీ మీద వచ్చింది. ఊరికొక సమితి విడిగా ఉంటే పైసా రాదు, ఐదూళ్ళూ ఒకే వేదికగా కలిసి ఐదు వందల ఎకరాలు కాపాడతామని చూపిస్తే మాత్రం ఎండాకాలం మూడు నెలలూ కాపలావాళ్ళకు కూలి, మొక్కల నర్సరీ, మంటలార్పే నీళ్ళ ట్యాంకరు ఇస్తామని చెప్పింది. ఐదూళ్ళూ కలిసి కూర్చోవడం అదే మొదలు. పెద్ద రైతు యలమందయ్యను అధ్యక్షుణ్ణి చేశారు. నాలుగు ముక్కలు చదవగలడని జక్రయ్యను కార్యదర్శిని చేశారు.

హారిక ఫోనుతో నేల కొలుస్తూ కొండ చుట్టూ నాలుగు రోజులు నడిచింది. ఐదో రోజు చింతచెట్టు నీడన కూలబడి తల అడ్డంగా ఊపింది.

"ఎంత తగ్గిందమ్మాయ్?" అన్నాడు జక్రయ్య.

"నాలుగెకరాలు బాబాయ్‌గారూ."

"ఐదొందల్లో నాలుగు ఏం లెక్కమ్మా," అన్నాడు యలమందయ్య. "కొంగు జానెడు తగ్గిందని పెళ్ళి ఆపుతారా?"

"నేనైతే ఆపనండి. కంప్యూటరు ఆపుద్ది."

కొండకు ఆనుకొని ఐదెకరాల బీడు ఒకటి ఉంది. అది యలమందయ్యదే. అక్కడున్న వాళ్ళందరి చూపులూ మెల్లిగా అటు పోయాయి. యలమందయ్య చూపు మాత్రం ఆకాశం మీదికి పోయి, అక్కడ ఏదో ముఖ్యమైన పని ఉన్నట్టు ఆగిపోయింది.

అప్పుడు జక్రయ్య లేచాడు. "రా అమ్మాయ్, మా పేట వెనక ఓ తోపుంది," అన్నాడు.

కానుగ తోపులో అడుగుపెట్టగానే హారిక ముఖం విచ్చుకుంది. కొండ మొత్తం మీద అంత చిక్కటి నీడ లేదు. "ఎవరు పెంచారండి ఇంత బాగా?" అంది.

"మా వాళ్ళేనమ్మా. తలా ఒక చెట్టు."

ఆయన అబద్ధం చెప్పలేదు. నిజాన్ని సగంలో ఆపాడు. దేవుడు కూడా ఇందులో తప్పు పట్టడనీ, చనిపోయినవాళ్ళు కొండకు కాపలా కాయడం కంటే పుణ్యకార్యం ఏముందనీ ఇంటికొచ్చి జయకుమారితో చెప్పుకొని మురిసిపోయాడు. తోపు పటంలోకి ఎక్కింది. మద్దతు మంజూరైంది.

షరతుల కాగితం ఇంగ్లీషులో వస్తే, జక్రయ్యే తెలుగు చేసి ఐదూళ్ళ సభలో చదివాడు. ఏడో షరతు: పటంలోకి ఎక్కిన నేలలో మొక్క నాటడానికి తప్ప గుంట తవ్వకూడదు. ఇంటికెళ్ళాక జయకుమారి అడిగింది. "గుంట తవ్వకూడదంటే మనం ఎక్కడ పడుకోవాలయ్యా?"

"మనం తవ్వేది మొక్క నాటడానికే కదటే. మొక్కతో పాటు మనిషి," అన్నాడు.

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ ఏడు కొండ కాలలేదు. కరీమున్ అని, పక్క ఊరి విధవరాలు, కాపలావాళ్ళకు మేస్త్రీగా కుదిరింది. ఆవిడ ఈల వేస్తే ఏనుగుకొండ తొండం ఎత్తేదని పిల్లలు చెప్పుకునేవాళ్ళు. రెండో ఏడూ కాలలేదు. బావుల్లో మే నెలలో కూడా బొక్కెన మునిగింది.

ఆ మధ్యలో పేటలో ఒక ముసలాయన పోయాడు. తోపులోనే పెట్టారు, మొక్క నాటారు. ట్రస్టువాళ్ళు ఏటా పై నుంచి తీయించే ఫొటోలో చెట్ల సందున ఎర్రటి మట్టి మచ్చ, దాని పక్కన షామియానా పడ్డాయి. ఉత్తరం వచ్చింది. మొదటిసారి కాబట్టి మన్నించామనీ, మళ్ళీ తవ్వకం కనబడితే ఐదూళ్ళకూ మద్దతు ఆగిపోతుందనీ అందులో ఉంది. జక్రయ్య హారికకు ఫోన్ చేసి ఉన్న సంగతంతా చెప్పేశాడు.

"సమాధుల తోటని రాస్తే అది అడవి కిందికి రాదు బాబాయ్‌గారూ. అది తీసేస్తే ఐదొందలు నిండవు. అప్పుడు మొత్తం పోతది. బదులు నాలుగెకరాలు చూపించండి, పటం నేను మారుస్తాను."

"ఎక్కడ చూపించేదమ్మా?"

దానికి జవాబు యలమందయ్య దగ్గర ఉంది గాని, ఆయన ఆ ఏడే ఐదెకరాల బీడు దున్నించి మిరప పెట్టాడు.

ఆగస్టులో ఆటో నడిపే శ్యామ్ సుందర్ తల్లి కరుణమ్మ పోయింది. శవాన్ని తోపు వైపు తిప్పబోతుంటే జక్రయ్య దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"వద్దు నాయనా. కాలవ కట్ట మీదికి పోదాం."

"ఏం బాబాయ్, మా అమ్మ బరువుకి ఐదూళ్ళు కుంగుతయ్యా?" అన్నాడు శ్యామ్ సుందర్.

"కుంగుతయ్ రా."

అతను పెట్టెను కట్ట వైపు తిప్పించాడు. తరవాత ఇంకో ఇద్దరిని కూడా కట్ట మీదే పెట్టారు. ఆ రెండుసార్లూ అడ్డం నిలబడింది జక్రయ్యే. జనవరిలో కాలువ పూడిక తీయడానికి ఎవరో కాంట్రాక్టరు యంత్రం దింపాడు. కట్ట మీద మట్టి గోకుతూ గోకుతూ అది కరుణమ్మ దాకా వచ్చింది. ఆ సాయంత్రం శ్యామ్ సుందర్ జక్రయ్య ఇంటికి వచ్చాడు. తిట్టలేదు. తల్లి శవపెట్టెకు కొట్టిన ఇత్తడి పిడి ఒకటి అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

అప్పటికే జయకుమారి మంచాన పడింది. మూత్రపిండాలు రెండూ పాడయ్యాయి. వారానికి రెండుసార్లు నరసరావుపేట తీసుకెళ్ళి రక్తం శుద్ధి చేయించాలి. తీసుకెళ్ళేది శ్యామ్ సుందర్ ఆటోలోనే. పిలవకపోయినా పొద్దున్నే ఏడింటికి వాకిట్లో హారను మోగేది. దారి పొడుగునా అతను జక్రయ్యతో మాట్లాడేవాడు కాదు. "పిన్నీ, గుంటొచ్చింది, గట్టిగా పట్టుకో" అని మాత్రం అనేవాడు.

ఒక రోజు మధ్యాహ్నం జయకుమారి మంచం మీద ఒత్తిగిలి అడిగింది.

"ఏవయ్యా, నీ కంప్యూటరుకి నా గుంట ఎంత కనపడుద్దంటావ్?"

"ఊరుకో కుమారీ."

"మునుపటి మనిషిని కాదుగా, చిక్కిపోయా. సన్నగా తవ్వండి, కనపడదు."

జక్రయ్య గంజి గిన్నె పట్టుకొని కూర్చున్నాడు. ఆమె గోడ వైపు తిరిగింది. గోడతో చెబుతున్నట్టు అంది. "నేనింకేం అడగలా. స్తుతి పక్కన పెట్టు. చిన్నప్పుడు ఒక్కతే పడుకోవాలంటే ఏడ్చేది."

మర్నాడే జక్రయ్య ఐదూళ్ళవాళ్ళనూ పిలిపించాడు. కరీమున్ ఊరి బడి వరండాలో సభ. సభలంటే ఇష్టమున్న మనిషి, ఆ రోజు మాత్రం నిలబడి మూడు మాటలు చెప్పి కూర్చున్నాడు. తోపు సమాధుల తోట. తన భార్య పోయేట్టుంది. యలమందయ్య ఐదెకరాల్లో నాలుగు అడవికి వదిలితే పటం మారుతుంది, తోపు పేటవాళ్ళకు తిరిగొస్తుంది.

యలమందయ్య గొంతు సవరించుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ట్యాంకరు చెడిపోతే సొంత ట్రాక్టరు కట్టి నీళ్ళు మోసిన మనిషి. "కాదన్నానా జక్రయ్యా? పైరు మీదుంది, పీకమంటావా? కోతలు కానీ. కూర్చుందాం."

"కోతలు ఏప్రిల్ దాకా ఉంటయ్ యలమందయ్యగారూ. ఆవిడ ఉండదు."

కరీమున్ లేచి, "మా ఖబరస్తాన్‌లో చోటుంది జక్రయ్యన్నా," అంది. "మా పెద్దలు ఒప్పుకోరు. అయినా అడుగుతా."

"వద్దులేమ్మా. నీకెందుకు మాట పడటం," అన్నాడు జక్రయ్య. అడుగుతానన్నందుకు ఆవిడకు దండం పెట్టాడు.

మార్చి రెండో వారం, మంగళవారం. నరసరావుపేట నుంచి తిరిగొస్తుంటే ఆటోలో జయకుమారి జక్రయ్య భుజం మీద తలవాల్చింది. మిరప కల్లాల ఘాటు గాలికి మామూలుగా తుమ్ములు తుమ్మే మనిషి ఆ వేళ తుమ్మలేదు. జక్రయ్య నిద్రపోయిందనుకున్నాడు. పేట మలుపులో శ్యామ్ సుందర్ ఆటో ఆపి, వెనక్కి తిరిగి చూసి, ఇంజను కట్టేశాడు.

మర్నాడు పొద్దున్నుంచి జనం. కోతలు మానుకొని ఐదూళ్ళవాళ్ళూ వచ్చారు. పాస్టరుగారు ప్రార్థన ముగించి పెట్టె మూయించాక, యలమందయ్య జక్రయ్యను పందిరి గుంజ చాటుకు పిలిచాడు.

"మిగతా నాలుగూళ్ళ పెద్దలం మాట్లాడుకున్నాం. తోపులోనే పెట్టుకో. ఫొటో జూన్ ఆఖర్లో గాని తీయరు. ఈలోపు తొలకరి పడుద్ది, గడ్డి మొలుస్తది. షామియానా లేకుండా కానిద్దాం. మేమెవ్వరం చూళ్ళేదు."

జక్రయ్యకు ఇరవై ఏడేళ్ళుగా ఖాళీగా ఉన్న ఆ నేల కళ్ళముందు కనబడింది. తల ఊపబోయాడు. యలమందయ్య భుజం మీదుగా చూస్తే, ఆటోకు ఆనుకొని శ్యామ్ సుందర్ నిలబడి ఉన్నాడు. జక్రయ్య అతని దగ్గరికి నడిచాడు. యలమందయ్య చెప్పిందంతా చెప్పాడు.

"నువ్వేమంటావురా?"

అతను తిడితే బాగుండునని జక్రయ్య అనుకున్నాడు. మా అమ్మకో న్యాయం, నీ పెళ్ళానికో న్యాయమా అంటే, కాళ్ళు పట్టుకొని బతిమాలుకోవచ్చు. కాళ్ళు పట్టుకోవడానికి ఆయన సిద్ధంగానే ఉన్నాడు.

"నేననేదేముంది బాబాయ్," అన్నాడు శ్యామ్ సుందర్. "పిన్నిని చెల్లి పక్కనే పెట్టు. పలుగూ పారా ఆటోలోనే ఉన్నయ్. నేనే తవ్వుతా."

అతని గొంతులో ఎత్తిపొడుపు లేదు. జక్రయ్య ఎంత వెతికినా దొరకలేదు. కట్ట మీద పడుకున్న మిగతా ఇద్దరి ఇళ్ళవాళ్ళూ కాస్త దూరంలో నిలబడి ఇటే చూస్తున్నారు. వాళ్ళూ ఏమీ అనేట్టు లేరు. జక్రయ్య పెట్టె మోసేవాళ్ళ వైపు తిరిగాడు.

"కట్ట మీదికి పదండి," అన్నాడు.

పాస్టరుగారు సరిగా వినలేదేమోనని దగ్గరికి వచ్చారు. జక్రయ్య మళ్ళీ అదే చెప్పాడు. పేట చివర దారి రెండుగా చీలే చోట పెట్టె మోసేవాళ్ళు తోపు వైపు ఒక అడుగు వేసి, ఆగి, కాలువ వైపు తిరిగారు. అంతసేపూ ఏడుస్తున్న ఆడవాళ్ళు ఏడుపు ఆపేశారు.

చివరి తడి కోసం కాలువకు నీళ్ళు వదిలి మూడు రోజులైంది. కట్ట చెమ్మగా ఉంది. శ్యామ్ సుందర్, ఇంకో ముగ్గురు తవ్వారు. మూడడుగులు పోయేసరికి గుంటలో నీళ్ళు ఊరాయి. బిందెతో తోడితే మళ్ళీ ఊరాయి. ఇంకో చోట తవ్వుదామంటే కట్టంతా ఒకే తీరు. పాస్టరుగారు మన్ను మన్నులో కలిసే వాక్యం చదువుతుండగా పెట్టె దించారు. తాళ్ళు వదలగానే పెట్టె తలవైపు మెల్లిగా పైకి లేచింది. జయకుమారి నిజంగానే చిక్కిపోయింది.

రాళ్ళ కోసం ఇద్దరు పరిగెత్తారు. వాళ్ళు వచ్చేదాకా ఆగకుండా జక్రయ్య గుంటలోకి దిగి, మోకాలి లోతు బురదలో, పెట్టె తలవైపు కూర్చున్నాడు. పెట్టె కిందికి ఆనింది. భార్య పెట్టె మీద ఎక్కి కూర్చున్న ముసలాయన్ని చూసి ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. ఒకళ్ళిద్దరు ముఖం తిప్పుకున్నారు. యలమందయ్య కండువా తీసి చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు.

జక్రయ్య కూర్చున్న చోటి నుంచే తలెత్తి చుట్టూ చూశాడు. కరీమున్ కనబడింది. ఆవిడ వెనక కాపలావాళ్ళు పన్నెండు మందీ కనబడ్డారు.

"కొండ మీద ఎవరున్నారు కరీమున్?"

"ఎవరూ లేరన్నా. అందరం ఇక్కడికే వచ్చాం."

"ఎండ చూడు, ఎట్లా ఉందో. పొండి."

"మట్టి పోసేదాకా ఉంటామన్నా."

"ఇక్కడ మీ పనేం లేదు. పొండమ్మా."

కరీమున్ కొంగుతో ముఖం తుడుచుకొని వెనక్కి తిరిగింది. పన్నెండు మందీ ఆవిడ వెనకే కట్ట దిగి, చేల గట్ల మీద వరసగా కొండ వైపు నడిచారు. యలమందయ్య కాసేపు వాళ్ళనే చూసి, తనూ వాళ్ళ వెనక నడిచాడు. ఆయన కొండెక్కి కాపలా కాసిన రోజు అంతకు ముందు లేదు.

గుంట దగ్గర పేటవాళ్ళు మిగిలారు. రాళ్ళు ఇంకా రాలేదు. నీళ్ళు జక్రయ్య పంచెను నానబెడుతూ పైకి వస్తున్నాయి.

"బాబాయ్, నువ్వు లేస్తే గాని మట్టి వెయ్యలేం," అన్నాడు శ్యామ్ సుందర్.

"లేస్తే తేలుద్దిరా. నువ్వు కాళ్ళవైపు నుంచి వెయ్. బరువెక్కినాక లేస్తా."

శ్యామ్ సుందర్ పారెత్తాడు. తడి మట్టి ముసలాయన మీద చిందకుండా, వంగి, పెట్టె చివర మెల్లిగా దించాడు.